ఇరానీ హోటల్లో సాసర్‌లో చాయ్ ఊదుకునే క్షణం: ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు నొక్కాలి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ ఇరానీ హోటల్లో ఒక పెద్దాయన చాయ్‌ని సాసర్‌లోకి వంపుకుని, పెదవుల దగ్గర పెట్టుకుని ఊదుతుండగా, లేచే ఆవిరి మీద పొద్దుటి ఎండ పడిన ఫోటో కావాలి. నెలల తరబడి తిరుగుతున్నారు. ఎండ ఉన్న రోజు మనిషి దొరకడు, మనిషి దొరికితే ఆవిరి కనపడదు, రెండూ కుదిరిన రోజు ఫోకస్ పోయి వెనక గోడ మీద కూర్చుంటుంది. కూర్చోబెట్టి పోజు ఇప్పించడం మీకు ఇష్టం లేదు. మీ దగ్గర ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 35 ఎంఎం లెన్స్, ఒక ఫోన్ ఉన్నాయి.

సూటిగా చెప్తాను. మనుషుల వెంట తిరగడం ఆపి, ఒక హోటల్లో ఒక కుర్చీని ఎంచుకోండి. సాసర్‌లో ఊదుకుని తాగడం అరుదైన పనేం కాదు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య పాత ఇరానీ హోటల్లో కూర్చుంటే మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. అరుదుగా జరిగేదల్లా ఎండ, వెనక చీకటి, మీ దూరం, ఫోకస్ అన్నీ ఒకే కుర్చీ దగ్గర కలవడం. ఈ నాలుగూ మీ చేతిలో ఉన్నవే. ముందే కుదుర్చుకుని కూర్చుంటే ఇక ఎదురు చూడాల్సింది మనిషి కోసం ఒక్కటే. కాలం డిసెంబర్, జనవరి. వేళ ఉదయం 8 నుంచి 9. ఫోకస్ చేత్తో ముందే పెట్టేసి ఉంచాలి. షట్టర్ 1/500 సెకను. మిగతాదంతా వీటికి కారణాలు, ఎక్కడెక్కడ చెడుతుందో ఆ వివరాలు.

1932లో ఫ్రాన్స్‌లోని ఇయెర్ ఊళ్ళో ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ తీసిన సైకిల్ ఫోటో మీరు చూసే ఉంటారు. మెట్ల వంపు, ఇనుప కటకటాలు, కింద రోడ్డు, అన్నీ కదలనివే. అందులో కదిలేది సైకిలొక్కటే. మీకు కావలసిన ఫోటో కూడా అదే జాతిది.

ఎండ లెక్క

చాలామంది దీన్నే పట్టించుకోరు. హైదరాబాద్‌లో డిసెంబర్ 21 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా సుమారు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. జూన్ 21 ప్రాంతంలో అంతే ఉత్తరానికి జరుగుతాడు. అంటే ఆరు నెలల్లో దాదాపు 50 డిగ్రీల తేడా. మార్చిలో మీరు చూసి ముచ్చటపడిన టేబుల్ డిసెంబర్‌లో చీకట్లో ఉండొచ్చు. అందుకే హోటల్ ఎంచుకునే ముందు గుమ్మంలో నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరిచి, గుమ్మం ఎటు చూస్తోందో రాసుకోండి. దిక్సూచిలో ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180. చలికాలం 8 గంటలకు సూర్యుడు 120 డిగ్రీల దగ్గర, 9కి 130 దగ్గర ఉంటాడు. కాబట్టి 105 నుంచి 140 డిగ్రీల మధ్య చూసే గుమ్మం మీకు పనికొస్తుంది. చాలా పాత ఇరానీ హోటళ్ళు కూడలి మూల మీద, రెండు పక్కలా తెరిచి ఉంటాయి. అలాంటిది దొరికితే ఇంకా మంచిది. ఒక పక్క నుంచి ఎండ వస్తుంది, రెండో పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుగు ముఖం మీది నీడల్ని కొంచెం తేలిక చేస్తుంది.

తర్వాతి సంగతి, ఎండ ఎంత లోపలికి వస్తుందన్నది. గుమ్మం ఎత్తు 7 అడుగులు అనుకోండి. కూర్చున్న మనిషి పెదవుల దగ్గరికి లేపిన సాసర్ నేల నుంచి సుమారు 4 అడుగుల ఎత్తులో ఉంటుంది. తేడా 3 అడుగులు. డిసెంబర్ మూడో వారంలో 8 గంటలకు సూర్యుడు 16 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు గుమ్మం నుంచి 10 అడుగుల లోపలున్న సాసర్‌కి కూడా ఎండ తగులుతుంది. 9 గంటలకు 27 డిగ్రీలు దాటేస్తాడు, ఎండ 6 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. అంటే గంటలో నాలుగు అడుగులు వెనక్కి తగ్గింది. గుమ్మానికి 6 అడుగుల్లో ఉన్న కుర్చీకి 9 దాకా ఎండ ఉంటుంది. 9 అడుగుల్లో ఉన్న కుర్చీకి 8 దాటిన కాసేపటికే పోతుంది. ఇది సూర్యుడు గుమ్మానికి ఎదురుగా ఉన్నప్పటి లెక్క. ఏటవాలుగా వస్తే ఇంకా తగ్గుతుంది. గుమ్మం ముందు రేకుల షెడ్డు ఉంటే గుమ్మం ఎత్తు బదులు ఆ రేకుల అంచును లెక్కలోకి తీసుకోవాలి. ఎదురు భవనం, మెట్రో పిల్లరు, హోర్డింగు అడ్డమొస్తే ఎండ మొదలవడమే ఆలస్యమవుతుంది. సందుల్లోని హోటళ్ళలో 8.30 దాకా ఎండే రాకపోవచ్చు. ఇదంతా కెమెరా లేకుండా ఒక పొద్దున వెళ్ళి, చాయ్ తాగుతూ, ఎండ ఏ టేబుల్ మీద ఎన్నింటికి ఉందో చిన్న కాగితం మీద రాసుకుంటే తేలిపోయే పని.

ఎండ వెనక్కి తగ్గే చివరి నిమిషాలు ప్రత్యేకంగా గమనించండి. ఎండ పై అంచు మనిషి నుదుటి నుంచి కిందికి జారుతుంది. కళ్ళు నీడలోకి వెళ్ళిపోయాక కూడా సాసర్ కాసేపు వెలుగులోనే ఉంటుంది. ఆ కాసేపట్లో ఆవిరి కింది భాగం మెరుస్తుంది, పై భాగం చీకట్లో కలిసిపోతుంది. ముఖం ముఖ్యమనుకుంటే ఆ లోపే పని ముగించాలి. చేతులు, సాసర్ చాలనుకుంటే అసలు వెలుగు అప్పుడే. నాకు మొదటిదే ఇష్టం. దించుకున్న కళ్ళ మీద వెలుగు లేని ఈ ఫోటో సగమే.

తేదీ పోయిందని దిగులు పడకండి. డిసెంబర్ 21కి నెల ముందు ఉన్న కోణం నెల తర్వాత మళ్ళీ వస్తుంది. నవంబర్ 21న చూసిన ఎండ జనవరి 20 ప్రాంతంలో అదే కుర్చీ మీద పడుతుంది. గడియారంలో మాత్రం జనవరిలో సుమారు 25 నిమిషాలు ఆలస్యంగా. ఇది తెలియక, నవంబర్‌లో రాసుకున్న వేళకే జనవరిలో వెళ్ళి ఎండ రాలేదని లేచి వచ్చేస్తుంటారు.

ఆవిరి ఎందుకు కనపడదు

కంటికి కనిపించేది చల్లగాలి తగిలి ఏర్పడిన సన్నటి నీటి తుంపర. అది కనపడాలంటే గాలి చల్లగా ఉండాలి, కదలకుండా ఉండాలి, వెలుగు వెనక నుంచి రావాలి, ఆ వెనక గోడ చీకటిగా ఉండాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆవిరి ఫోటోలో ఉండదు, ఎదుట కంటికి కనిపించినా సరే.

చల్లగాలి వల్లే డిసెంబర్, జనవరి అంటున్నాను. మే నెల ఎండల్లో అదే చాయ్ అంతే వేడిగా ఉన్నా ఆవిరి దాదాపు కనపడదు. గాలి కదలకూడదన్నది ఇంకా ముఖ్యం. పైన ఫ్యాను తిరుగుతుంటే ఆవిరి రూపం కట్టకముందే చెదిరిపోతుంది. చలికాలంలో పొద్దున ఫ్యాన్లు ఆపేసి ఉంటాయి, ఈ కాలానికి అదో పెద్ద లాభం. అయినా కూర్చునే ముందు తలెత్తి చూడండి. గల్లా దగ్గరి ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నా దాని కింది రెండు టేబుళ్ళు వదిలేయండి.

వెలుగు సంగతికి వస్తే, నీటి తుంపర తన మీద పడ్డ వెలుగును ఎక్కువగా ముందుకే పంపుతుంది, వచ్చిన దారిలో వెనక్కి కాదు. అందుకే ఎండను వీపు వెనక పెట్టుకుని తీస్తే సాసర్ తెల్లగా వస్తుంది, ఆవిరి ఉండదు. ఎండకు ఎదురుగా తిరిగి తీస్తే అదే ఆవిరి వెండిపోగులా కనిపిస్తుంది. సరే, ఎండకు ఎదురుగా తిరిగితే ఎండ వచ్చే గుమ్మమే ఫ్రేములోకి వస్తుంది కదా, తెల్లటి గుమ్మం ముందు తెల్లటి ఆవిరి మళ్ళీ మాయమవుతుంది. మీ ఫోటోలు ఎక్కువగా చెడుతున్నది ఇక్కడేనని నా అనుమానం.

దీనికి మార్గం: గుమ్మం ఫ్రేముకి పక్కన, బయట ఉండాలి. ఫ్రేములోకి రావలసింది గుమ్మం పక్క గోడ లోపలి ముఖం. ఆ గోడ మీద నేరుగా ఎండ పడే అవకాశం లేదు కాబట్టి హోటల్ మొత్తంలో చీకటైన చోట్లలో అదొకటి. 35 ఎంఎం లెన్స్ అడ్డంగా 54 డిగ్రీలు చూస్తుంది, మధ్య నుంచి ఒక్కో పక్కకు 27. గుమ్మం అంచు మీ చూపుకి 35 డిగ్రీలు పక్కన ఉండేలా కూర్చుంటే గుమ్మం ఫ్రేములోకి రాదు, ఎండ మాత్రం మనిషి వెనక పక్క నుంచి వస్తుంది. కెమెరా నిలువుగా పట్టుకుంటే ఒక్కో పక్కకు 19 డిగ్రీలే. అప్పుడు గుమ్మం 25 డిగ్రీల దగ్గరున్నా ఇబ్బంది లేదు. ఇరుకు హోటళ్ళలో నిలువు ఫ్రేము ఇలా కాపాడుతుంది.

ఆ గోడ మీద ఏముందో కూడా చూసుకోండి. మెరిసే మెనూ బోర్డు, టీవీ, ఫోన్ చెల్లింపుల కోసం పెట్టిన క్యూఆర్ కోడ్ స్టాండు, తెల్లటి ట్యూబ్‌లైటు, ఇవేవీ సాసర్ వెనకకి రాకూడదు. కుర్చీని అరడుగు అటూ ఇటూ జరుపుకుంటే చాలావరకు తప్పుతాయి. ఎండకు ఎదురుగా తీస్తున్నారు కాబట్టి లెన్స్ ముందు అద్దం మీద వేలిముద్ర ఉన్నా ఫోటో అంతా పాలు పోసినట్టు వెలిసిపోతుంది. హుడ్ (లెన్స్ ముందు తొడిగే నీడ గొట్టం) పెట్టండి, మెత్తటి గుడ్డతో తుడుచుకునే కూర్చోండి. ఏసీ కారు దిగి నేరుగా వంటింటి పక్క టేబుల్లో కూర్చుంటే అద్దం మీద చెమ్మ పట్టొచ్చు, పది నిమిషాలు ఆగండి.

కెమెరాలో ఏం పెట్టాలి

ఎండ తగిలే కుర్చీకి మొదట ఎఫ్ 5.6 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), 1/500, ఐఎస్‌ఓ 400 (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) పెట్టి చూడండి. అంతా మాన్యువల్. ఆటోలో పెడితే చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, పింగాణీ సాసర్ అంచు, తెల్ల టోపీ, తెల్ల లాల్చీ మొదట వివరం లేకుండా తెల్లగా కాలిపోతాయి, వాటితో పాటే ఆవిరి. సరిచూసుకోవడానికి వేరే మనిషి అక్కర్లేదు. మీ చాయ్ వచ్చాక మీ సాసర్‌నే ఎండలోకి జరిపి ఒక ఫోటో తీసి చూడండి. సాసర్ అంచులో సన్నటి గీత మేరకు తెల్లబడితే ఫరవాలేదు. సాసర్ లోపలి గుండ్రం కూడా తెల్లబడితే 1/1000కి వెళ్ళండి. రా ఫైల్ (కెమెరా పట్టిన వివరమంతా ఉండే ఫైల్) తీయండి, నీడలు తర్వాత లేపుకోవచ్చు. కాలిపోయిన ఆవిరి తిరిగి రాదు.

షట్టర్ వేగాన్ని బట్టి ఆవిరి రూపం మారుతుంది. 1/250, ఆపైన సన్నటి పోగులు విడివిడిగా కనిపిస్తాయి. 1/60కి వస్తే అదొక మసక మరకలా ఉంటుంది. కప్పు నుంచి సాసర్‌లోకి పడే ధార 1/500 దగ్గర ముత్యాల్లా తెగి కనిపిస్తుంది, 1/125 దగ్గర నునుపైన దారంలా.

ఫోకస్ ఆటో మీద వదలకండి. ఎదురు ఎండలో, మధ్యలో ఆవిరి, ముఖానికి సాసర్ అడ్డం. ఎంత మంచి కెమెరా అయినా కన్ను వెతుక్కుంటూ గోడ మీదికి పోతుంది. మీరు చెప్పిన కష్టం సరిగ్గా ఇదే. 35 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 5.6 దగ్గర 2.5 మీటర్లకు ఫోకస్ చేసి వదిలేస్తే సుమారు 1.9 నుంచి 3.8 మీటర్ల దాకా పదునుగానే వస్తుంది. అంటే ఆరడుగుల నుంచి పన్నెండడుగుల దాకా. మనిషి ముందుకు వంగినా, వెనక్కి ఆనుకున్నా ఆ పరిధిలోనే ఉంటాడు. ఫోకస్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ఇదే పని 50 ఎంఎం లెన్స్‌తో ఎఫ్ 4 దగ్గర చేస్తే 2.5 మీటర్ల దగ్గర పదును మొత్తం కలిపి 60 సెంటీమీటర్లే. ముందే పెట్టి ఉంచే ఫోకస్‌కి అది చాలదు. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాలో 23 ఎంఎం లెన్స్ అయితే ఎఫ్ 5.6, 2.5 మీటర్లకు 1.6 నుంచి 5 మీటర్లు దాటి వస్తుంది, ఇంకా సుఖం.

మబ్బు పట్టి ఎండ లేని రోజు హోటల్ లోపల ఎఫ్ 2.8, 1/100, ఐఎస్‌ఓ 1600 చుట్టుపక్కల ఉంటుంది. అప్పుడు ట్యూబ్‌లైట్ల వెలుగు మీద ఆధారపడాలి కాబట్టి ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి 100 సార్లు తగ్గి హెచ్చుతుంది. 1/50, 1/100 దగ్గర అన్ని ఫ్రేములూ ఒకేలా వస్తాయి. 1/250కి పోతే ఒక ఫ్రేము వెలుగ్గా, ఇంకొకటి పసుపుగా, చీకటిగా వస్తుంది. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే అడ్డంగా చారలు పడతాయి. కాబట్టి ట్యూబ్‌లైట్ కింద మెకానికల్ షట్టర్, నేరుగా ఎండ ఉంటే చప్పుడు లేని షట్టర్. కప్పుల గలగల, బేరర్ల కేకల మధ్య మెకానికల్ చప్పుడు పక్క టేబుల్‌కి వినపడదు, దాని గురించి భయం వద్దు. నిజం చెప్పాలంటే మబ్బు రోజున మీకు కావలసిన ఫోటో దొరకదు. ఆ రోజు మనుషుల్ని పరిచయం చేసుకోవడానికి వాడుకోండి.

ఇంకో నాలుగు చిన్న సంగతులు, ఇవి చెడగొట్టినన్ని ఫోటోలు చీకటి కూడా చెడగొట్టదు. కెమెరా నిద్రలోకి జారే సమయాన్ని అయిదు నిమిషాలకు పెంచండి. మేల్కోవడానికి దానికి పట్టే ఒక సెకనులోనే సాసర్ కిందికి దిగిపోతుంది. ఫోకస్ బీప్ ఆపండి. ముందు వెలిగే ఎర్ర దీపం ఆపండి. తీసిన వెంటనే తెర మీద ఫోటో చూపించడం కూడా ఆపేయండి, రెండో సాసర్ మీరు తెర చూసుకుంటున్నప్పుడే జరుగుతుంది.

చేతులు చెప్పే వరస

ఇది బాగా నేర్చుకుంటే మిగతా లోపాలు కొన్ని కప్పుకుపోతాయి. చాయ్ వచ్చాక మనిషి వెంటనే తాగడు. మాట్లాడతాడు, పేపర్ తిప్పుతాడు, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటాడు. తర్వాత సాసర్‌ని టేబుల్ మీదే ఉంచి లేదా ఎడం చేత్తో కొంచెం లేపి, కుడి చేత్తో కప్పు వంచుతాడు. కప్పు టేబుల్ మీద పెట్టేస్తాడు. సాసర్‌ని మూడు వేళ్ళ మీద గానీ రెండు చేతులతో గానీ పైకి లేపుతాడు. పెదవులు ముడుచుకుంటాయి, కళ్ళు సాసర్‌లోకి దిగుతాయి, ఊదుతాడు. అప్పుడు ఆవిరి అతని నుంచి ముందుకు వంగి లేస్తుంది. ఆ తర్వాత సాసర్ ఇంకొంచెం లేచి నోటిని కప్పేస్తుంది, అక్కడితో ఫోటో అయిపోయినట్టే.

మీకు సైగ కప్పు టేబుల్ మీదికి దిగడం. ఊదడం మొదలయ్యాక కెమెరా లేపితే అందదు. కప్పు దిగుతుండగానే కెమెరా కంటి దగ్గర ఉండాలి, సాసర్ గడ్డం ఎత్తుకి రాగానే మూడు నుంచి అయిదు ఫ్రేములు. ఊదడానికి, జుర్రడానికి మధ్య ఉండేది సెకను, మహా అయితే రెండు. ఇరవై ఫ్రేములు గుద్దేస్తే కెమెరా బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండి రెండోసారి ఊదినప్పుడు అందదు, చుట్టుపక్కల వాళ్ళ చూపు కూడా మీ మీద పడుతుంది.

ఇంకో మంచి సంగతి, ఒక కప్పు ఒక్క సాసర్‌తో అయిపోదు. సాధారణంగా రెండు, మూడు సార్లు వంపుకుంటారు. మొదటి సాసర్‌కి కెమెరా లేపకండి. అతను ఏ చేత్తో లేపుతున్నాడు, ఎటు తిరిగి ఊదుతున్నాడు, ఎంతసేపు ఊదుతున్నాడు, చూసుకోండి. రెండోదానికి తీయండి. రెండో సాసర్ నాటికి చాయ్ ఇంకా ఆవిరి వచ్చేంత వేడిగానే ఉంటుంది. మూడోదానికి మాత్రం తగ్గిపోతుంది, తరచుగా ఊదకుండానే తాగేస్తారు. ఎడమచేతి వాటం వాళ్ళు, మీ వైపు వీపు తిప్పి ఊదేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం మీ కుర్చీ మార్చకండి, తర్వాతి మనిషి కోసం ఆగండి. ఒకరి కోసం లేచారంటే మీరు కుదుర్చుకున్న కోణం, దూరం, గోడ, మూడూ పోతాయి.

ఫోన్‌తో తీసేవాళ్ళకి కూడా కుర్చీ, గోడ, వరస ఇవే. తేడా ఏమిటంటే ఫోన్ కొన్ని ఫ్రేముల్ని కలిపి ఒకటి చేస్తుంది. కదిలే ఆవిరి ఆ కలపడంలో చెరిగిపోతుంది, నీడల్ని కూడా అదే లేపేసి గోడను బూడిద రంగు చేస్తుంది. ప్రో మోడ్‌లో షట్టర్ 1/250కి పైన పెట్టండి. ప్రో మోడ్ లేకపోతే సాసర్ ఉండబోయే చోట వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుగు లాక్ చేసి, వెలుగు గీతను కిందికి లాగండి. వాల్యూమ్ బటన్‌తో తీస్తే ఫోన్ కదలదు.

అనుమతి, మర్యాద

పోజు లేకుండా తీయడమంటే దొంగచాటుగా తీయడం అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మన దేశంలో బహిరంగ స్థలంలో ఫోటో తీయడమే నేరమని చెప్పే చట్టం లేదు, కానీ హోటల్ ఒకరి సొంత స్థలం, అక్కడ యజమాని మాటే చివరిది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో స్పష్టంగా చెప్పింది కూడా. కాబట్టి మొదటి రోజే గల్లా దగ్గరి సేఠ్‌తో మాట్లాడండి: పొద్దున పూట వచ్చి కూర్చుంటాను, చాయ్ తాగేవాళ్ళ ఫోటోలు తీసుకుంటాను, ఫ్లాష్ వాడను. వద్దంటే ఇంకో హోటల్. సరే అంటే ఆ ఒక్క మాట మీకు నెలలు పనికొస్తుంది, ఎవరైనా అడిగితే సేఠే సమాధానం చెప్తాడు.

ఇరానీ హోటల్లో ఒకే టేబుల్ దగ్గర ముక్కూమొహం తెలియని నలుగురు కూర్చోవడం మామూలే. ఎదురు కుర్చీలోనో, పక్క టేబుల్లోనో మీరుంటే ఎవరికీ వింత కాదు. కెమెరాను సంచిలో దాచకండి, మొదటి నుంచీ టేబుల్ మీదే ఉంచండి. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటి రెండుసార్లు చూస్తారు, ఆ తర్వాత ఎవరి చాయ్ వాళ్ళది. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో గురిపెట్టి తీసేవాడి మీదే అనుమానం వస్తుంది, న్యాయంగానే వస్తుంది. మీ 35 ఎంఎం ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

తీసిన తర్వాత మనిషి దగ్గరికి వెళ్ళి చూపించండి. "చాచా, మీ ఫోటో తీశాను, చూడండి" అంటే చాలు. చాలామంది నవ్వి ఇంకో మాట కలుపుతారు. వద్దంటే ఆయన ఎదుటే చెరిపేయండి, వాదన వద్దు, అది ఎన్నాళ్ళుగా చూసిన ఫోటో అయినా సరే. తీయకముందే ఆయన కన్ను లెన్స్‌ని చూసిందంటే కెమెరా దించి తల ఊపండి, ఆ సాసర్ వదిలేయండి. ఆడవాళ్ళను, పిల్లలను ముందే అడగకుండా తీయవద్దు. ప్రకటనకో, ఉత్పత్తి మీదికో వాడుకునే ఉద్దేశం ఉంటే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. కింద రాసే రెండు ముక్కల్లో ఆయన పేదరికం గురించో ఒంటరితనం గురించో మీకు తెలియని కథ అల్లకండి. నాలుగు-ఆరు సైజు ప్రింటు ఒకటి తీయించి గల్లా దగ్గర ఇస్తే ఆయనకు చేరుతుంది, రోజూ వచ్చే మనిషే కదా.

పొద్దుటి వేళ హోటల్‌కి గిరాకీ వేళ కూడా. ఒక్క చాయ్‌తో గంటన్నర కుర్చీ ఆక్రమించకండి. అరగంటకోసారి ఏదో ఒకటి తెప్పించుకోండి, జనం నిలబడి ఉంటే లేచి చోటివ్వండి, బేరర్‌కి టిప్పు మరవకండి. మీ కోసం ఆ మూల కుర్చీ ఖాళీ చేసి పెట్టేది అతనే.

తర్వాత కంప్యూటర్ మీద

ఎక్కువ పని లేదు. గోడను నల్లగానే ఉంచండి, నీడలు లేపాలనే ఆశ వద్దు. నాయిస్ తగ్గించే సాధనం గట్టిగా వాడితే ఆవిరి పోగులు నున్నగా అయిపోయి పొగమచ్చ మిగులుతుంది. గరుకుగా ఉన్నా ఫరవాలేదు. అయిదు ఫ్రేముల్లో ఏది ఉంచుకోవాలన్న సందేహం వస్తే ముందు పెదవులు చూడండి, సాసర్ అంచుకి, పెదవులకి మధ్య సన్నటి చీకటి సందు కనిపించే ఫ్రేమునే ఎంచుకోండి. ఆ సందు మూసుకుపోతే ఊదుతున్నాడో తాగుతున్నాడో తెలియదు.

తేదీలు వేసుకునే ముందు ఒకటి సరిచూసుకోండి. రంజాన్ నెలలో పాతబస్తీలో పగటిపూట చాలా హోటళ్ళు మూసే ఉంటాయి. ఆ నెల ఏటా సుమారు 11 రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది, ఇప్పుడు ఫిబ్రవరి నుంచి జనవరి వైపు వస్తోంది. 2028లో జనవరి చివర్లో, 2030లో జనవరి మొదటి వారంలో మొదలవుతుంది. ఆ సంవత్సరాల్లో జనవరిని నమ్ముకోకుండా నవంబర్ మూడో వారం నుంచే కుర్చీ చూసుకోండి. గుమ్మం నైరుతి వైపున్న హోటల్ మీకు దగ్గరైతే ఇదే లెక్కను సాయంత్రానికి తిప్పుకోవచ్చు, చలికాలంలో 3.30 నుంచి 4.30 మధ్య. సాయంత్రం గాలి పొద్దుటంత చల్లగా ఉండదు, ఆవిరి పలచగా వస్తుంది. అందుకని గోడ ఇంకా చీకటిగా ఉండే మూల వెతుక్కోండి, చాయ్ వచ్చిన వెంటనే వంపుకునే మనిషి కోసం చూడండి.